మిడ్‌సొమ్మార్ (2019): చివర్లో ఆ నవ్వు ఏంటి? (స్పాయిలర్లు ఉన్నాయి, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి)

సెకండ్‌షో | శనివారం, రాత్రి 11:50

నిన్న ఒక్కడినే కూర్చుని చూశాను. దయ్యం లేదు, తలుపు కిర్రుమనడం లేదు, చీకటి కూడా పెద్దగా లేదు. మొదటి పావుగంట వదిలేస్తే దాదాపు అంతా పట్టపగలే. తెల్లబట్టలు, పూల కిరీటాలు, పచ్చిక. అయినా పడుకునే ముందు బాత్‌రూమ్ లైట్ ఆర్పబుద్ధి కాలేదు.

కథ మర్చిపోయినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. డానీ అనే అమెరికన్ అమ్మాయి. ఆమె తోడబుట్టింది కారు పొగ గొట్టాల్ని ఇంట్లోకి లాగి తనూ చచ్చిపోయి, అమ్మానాన్నల్నీ చంపేస్తుంది. బాయ్‌ఫ్రెండ్ క్రిస్టియన్‌కి ఈమెను ఎప్పుడు వదిలించుకుందామా అని ఉంటుంది. ఇంత జరిగాక వదల్లేక వెంట ఉంచుకుంటాడు. ఫ్రెండు పెల్లె వీళ్ళందర్నీ స్వీడన్‌లో తన ఊరికి, తొంభై ఏళ్ళకోసారి వచ్చే పండక్కి తీసుకెళ్తాడు. అక్కడ ఒక్కొక్కరే మాయం. ఆఖరికి డానీ పూలరాణి, క్రిస్టియన్ ఎలుగుబంటి తోలులో బూడిద.

నా డౌట్ ఒక్కటే. చివరి షాట్‌లో ఆమె నవ్వుతుంది కదా, అది విడుదలా, పిచ్చా? మా రూమ్మేట్ "హ్యాపీ ఎండింగ్ రా బాబూ" అంటున్నాడు. నాకు మింగుడు పడట్లేదు.

ఇంటర్వెల్_సమోసా | రాత్రి 11:58

ఫ్యామిలీతో చూడొచ్చా అన్నా?

సెకండ్‌షో | రాత్రి 11:59

చూడొచ్చు. తర్వాత ఫ్యామిలీ మిమ్మల్ని చూడదు.

నైట్‌డ్యూటీ | ఆదివారం, తెల్లవారుజామున 3:20

డ్యూటీలో ఖాళీ దొరికింది, రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది.

నాకు ఈ సినిమాలో అసలు భయం ఆ మొదటి పావుగంటే. డానీ ఫోన్ చేస్తూ ఉంటుంది. చెల్లి పంపిన మెయిల్ తేడాగా ఉంది, అమ్మానాన్న ఫోన్ ఎత్తట్లేదు. క్రిస్టియన్‌కి చేస్తే "తనెప్పుడూ ఇంతేగా, నువ్వే అలుసిస్తున్నావ్" అన్నట్టు మాట్లాడతాడు. ఈమె వెంటనే సర్దుకుంటుంది. నిజమే, నేనే ఎక్కువ చేస్తున్నానేమో అని థ్యాంక్స్ చెప్పి పెట్టేస్తుంది. పెట్టేశాక ఇంకో ఫ్రెండుకి చేసి, నేను వాణ్ణి విసిగిస్తున్నానా, వెళ్ళిపోతాడా అని ఏడుస్తుంది. ఇంట్లో చావు జరిగిపోయింది, ఈమె టెన్షనేమో బాయ్‌ఫ్రెండ్‌కి బరువవుతున్నానేమో అని. ఆ ఫోన్ కాల్ రాసినవాడికి దండం పెట్టాలి.

ఆ తర్వాత వచ్చే ఏడుపు. డానీగా చేసిన ఫ్లోరెన్స్ ప్యూ అక్కడ సినిమా ఏడుపు ఏడవలేదు. పొట్టలోంచి, జంతువు మూలిగినట్టు. క్రిస్టియన్ ఆమెను ఒళ్ళో పెట్టుకుని గోడవైపు చూస్తుంటాడు. వాడి చెయ్యి ఆమె వీపు మీద ఉంటుంది గానీ మనిషి అక్కడ లేడు.

అక్కణ్ణుంచి ఒకటి గమనించండి. ఏడుపొచ్చిన ప్రతిసారీ డానీ ఎక్కడికో పరిగెడుతుంది. ఇంట్లో బాత్‌రూమ్‌లోకి వెళ్తుంది, కట్ చేస్తే అదే తలుపు విమానం టాయిలెట్. ఊరెళ్ళాక కూడా చాటుకెళ్ళే ఏడుస్తుంది. నలుగురి ముందు ఏడిస్తే వాళ్ళకి ఇబ్బంది అని.

ఇక చివర్లో క్రిస్టియన్‌ని ఓ గుడిసెలో ఆ ఊరి అమ్మాయితో చూసి కుప్పకూలినప్పుడు ఆ ఊరి అమ్మాయిలంతా వచ్చి ఆమెను పట్టుకుంటారు. ఈమె ఊపిరి తీస్తే వాళ్ళూ తీస్తారు, ఈమె అరిస్తే వాళ్ళూ అరుస్తారు. చాలామందికి అది వెన్నులో వణుకు పుట్టించిందట. నాకు పుట్టలేదు. మా అమ్మమ్మ పోయిన రోజు ఇదే చూశాను. వాకిట్లోకి ఒక్కో చుట్టం రావడం, మా పెద్దమ్మ లేచి ఆమె మెడ పట్టుకోవడం, ఇద్దరూ కలిసి శోకం ఎత్తుకోవడం. ఆ వెనకాలే కూర్చున్నవాళ్ళంతా అందుకునేవాళ్ళు. ఎవరూ "ఊరుకో, నీళ్ళు తాగు" అనలేదు, కనీసం మొదటి గంట. అందుకే ఆ నవ్వు నాకు పిచ్చిలా అనిపించలేదు. ఆమెతో కలిసి ఏడ్చే మనుషులు ఇన్నాళ్ళకి దొరికారు.

సెకండ్‌షో | ఉదయం 8:05

నైట్‌డ్యూటీ గారూ, ఆ టాయిలెట్ కట్ చూశాను గానీ ఇలా ఆలోచించలేదు. మా రూమ్మేట్‌కి చూపిస్తే ఎగిరి గంతేస్తాడు, అదే ఇబ్బంది.

చాటింపు | ఉదయం 9:40

నైట్‌డ్యూటీ అక్కా, మీరు రాసింది చదివి నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ ఏడుపు ఆమె కోసమే అని మాత్రం ఒప్పుకోను.

ఆ ఊరివాళ్ళు ఎవరికి ఏది కలిగినా అందరూ కలిసి అనుకరిస్తారు. ఎక్కడెక్కడో చూడండి. వయసైపోయినవాళ్ళు కొండ మీంచి దూకి చావాలని అక్కడి ఆచారం. అలా దూకిన ముసలాయన చావకుండా కాలు నుజ్జయి పడి ఉంటాడు. జనం అంతా ఆయన నొప్పిని తామే పడుతున్నట్టు మూలుగుతారు. మూలుగుతూనే ఉంటారు, ఇంకోడు సుత్తి పట్టుకొచ్చి ఆయన ముఖం పగలగొడతాడు. అంతమంది ఏడ్చినందువల్ల ఆయనకు ఒరిగిందేంటి? తర్వాత క్రిస్టియన్‌ని ఆ అమ్మాయితో పడుకోబెట్టినప్పుడూ చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు ఆమెతో పాటు మూలుగుతారు. డానీ ఏడుపు ఆ వరసలోదే. ఎవరు ఏడుస్తున్నారో వాళ్ళకి పట్టదు. ఆ ఊళ్ళో ఎవరి బాధా వాళ్ళ సొంతం కాకూడదు, అంతే.

ఇంకో రుజువు కావాలంటే ఆఖర్న ఆ పసుపుపచ్చ గుడిలోకి వెళ్ళండి. ఊరివాళ్ళే ఇద్దరు, ఇంగెమార్, ఉల్ఫ్, తమంతట తామే బలికి కూర్చుంటారు. పూజారి వాళ్ళ నాలుక మీద చెట్టు మందు రాసి, దీంతో నొప్పి తెలియదు, భయం ఉండదు అంటాడు. మంట ఉల్ఫ్ కాలి దాకా వచ్చిందో లేదో గావుకేక పెడతాడు. మందు అబద్ధం. ఈ ఊరు సొంత పిల్లలకే అబద్ధం చెప్పింది. బయట జనం మాత్రం ఆ కేకని కూడా పట్టుకుని గుండెలు బాదుకుంటారు. అలాంటి ఊరు డానీకి చెప్పింది నిజం అని ఎలా నమ్ముతాం?

ఇంటర్వెల్_సమోసా | ఉదయం 9:52

పాయింట్ మస్తుగుంది. నేను అప్పుడు పాప్‌కార్న్ కోసం పాజ్ చేసిన, ఆ కేక ఇనలే.

ఉప్సలా_ఉప్మా | ఉదయం 11:15

స్వీడన్‌లో ఉంటున్నా కాబట్టి కొన్ని సంగతులు చెప్పాలి. లేకపోతే అందరూ ఇక్కడ ముసలాళ్ళని తోసేస్తారనుకుంటారు.

పండగ నిజమే. జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారం సాయంత్రం చేసుకుంటారు. తొంభై ఏళ్ళకోసారి కాదు, ఏటా. ఆ రోజు సిటీలన్నీ ఖాళీ, అందరూ పల్లెలకో, చెరువు పక్క ఇళ్ళకో పోతారు. ఆకులు, పూలు చుట్టిన పెద్ద స్తంభం నిలబెట్టి దాని చుట్టూ డాన్స్. అందులో ఫేమస్ పాట కప్పల మీద. పెద్ద ఆఫీసర్లు కూడా చేతులు చెవుల దగ్గర పెట్టుకుని కప్పల్లా గెంతుతారు, కప్పలకి చెవుల్లేవు తోకల్లేవు అని పాడుకుంటూ. ఊరగాయ పెట్టిన హెర్రింగ్ చేప, కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు. పెళ్ళికాని అమ్మాయిలు ఏడు రకాల పూలు కోసి దిండు కింద పెట్టుకుంటే కాబోయేవాడు కల్లోకి వస్తాడని నమ్మకం. అందరికంటే ఎక్కువ భయపెట్టేది దోమలు.

సినిమాలో ఆ ఊరి పేరు హోర్గా. ఆ పేరుతో ఊరు కూడా నిజంగానే ఉంది, హెల్సింగ్‌లాండ్ అనే ప్రాంతంలో. దానికి ఓ పాత కథ ఉంది. ఫిడేలు వాయించేవాడి వేషంలో సైతాను వచ్చాడట, వాడు వాయిస్తుంటే ఊళ్ళో కుర్రకారు ఆపలేక కొండ మీదికి ఆడుకుంటూ వెళ్ళి చచ్చేదాకా ఆడారట. సినిమాలో పూలరాణి పోటీ అక్కణ్ణుంచి తీసుకున్నదే, పోటీకి ముందు ఓ పెద్దావిడ ఆ కథ చెప్తుంది కూడా. గోడల నిండా బొమ్మలున్న చెక్క ఇళ్ళు కూడా ఆ ప్రాంతంవే. అలాంటి ఏడు రైతు ఇళ్ళని 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. కాకపోతే షూటింగ్ స్వీడన్‌లో కాదు. హంగరీలో, బుడాపెస్ట్ బయట ఓ పొలంలో ఊరంతా సెట్ వేశారు.

ఇక కొండ మీంచి దూకడం. అది పాత ఐస్లాండ్ గాథల్లోంచి వచ్చిన కథ, నిజంగా జరిగిందని చరిత్రలో ఆధారం లేదు. ఇప్పుడు ఇక్కడ ఆ మాట రాజకీయాల్లో వినిపిస్తుంది, పెన్షన్లు కోస్తే "ముసలాళ్ళని కొండెక్కిస్తున్నారు" అని ప్రతిపక్షం తిట్టడానికి.

ఇంకొకటి. చాటింపు గారు అడిగిన ఊరి నిజాయితీకి ఇది కూడా కలపండి. క్రిస్టియన్ ఫ్రెండు జాష్, లండన్ నుంచి వచ్చిన జంట సైమన్, కోనీ, ఈ ముగ్గురూ తెల్లవాళ్ళు కాని అతిథులు. ముగ్గురినీ బలికింద వాడుకున్నారు. పిల్లల్ని కనడానికి పనికొచ్చింది క్రిస్టియన్, రాణి అయింది డానీ. కొత్త నెత్తురు కావాలి అంటారు గానీ ఏ నెత్తురో ముందే తేల్చుకున్నారు. ఇక్కడ బతికే మనలాంటివాళ్ళకి అది కంట్లో పడకుండా ఉండదు.

రీల్_రిపేర్ | మధ్యాహ్నం 1:30

నేను పెళ్ళి వీడియోల ఎడిటింగ్ చేసే మనిషిని, టెక్నికల్‌గా కొంచెం.

ఇందులో డైరెక్టర్ ఆరి ఆస్టర్ ఏదీ దాచలేదు. సినిమా మొదలయ్యేదే ఓ బొమ్మతో, అందులో చలికాలం చావుల నుంచి ఎండాకాలం పండగ దాకా మొత్తం కథ వరసగా గీసేసి ఉంటుంది. డానీ మంచం పైన ఓ పటం ఉంటుంది, కిరీటం పెట్టుకున్న చిన్న పిల్ల పెద్ద ఎలుగుబంటి ముక్కు మీద ముద్దు పెడుతున్నట్టు. అది జాన్ బావర్ అనే స్వీడిష్ చిత్రకారుడు 1912లో వేసింది. ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఒక గుడ్డ మీద వశీకరణం బొమ్మలు కుట్టి ఉంటాయి, ఓ అమ్మాయి తన వెంట్రుకలు వంటలో కలిపి మగవాడికి పెట్టడం. తర్వాత క్రిస్టియన్ నోట్లో వెంట్రుక తగులుతుంది, వాడి గ్లాసులో రసం మాత్రం మిగతావాళ్ళ దానికంటే ఎర్రగా ఉంటుంది. ఎలుగుబంటి బోనులో ఎదురుగానే ఉంటుంది. ఇదేంటని అడిగితే "ఎలుగుబంటి" అంటారు. అంతే, ముందుకెళ్ళిపోతారు.

కారు ఊరివైపు వెళ్ళేటప్పుడు కెమెరా తిరగబడి, రోడ్డు పైనా ఆకాశం కిందా అవుతుంది. అక్కణ్ణుంచి లోకం తలకిందులు అని ఇంత మొరటుగా చెప్తే నవ్వు రావాలి, ఎందుకో రాదు. డానీ తల మీద పువ్వు ఒకటి ఊపిరి పీల్చినట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది, గమనించకపోతే మీ కళ్ళే బాగోలేదనుకుంటారు. రాణిని పల్లకీ మీద మోసుకెళ్ళే షాట్‌లో వెనక అడవి వైపు చూడండి. చెట్ల ఆకుల్లో ఆమె చెల్లి ముఖం, నోట్లో ఆ గొట్టంతో సహా.

ఇక మ్యూజిక్ బాబీ క్రిలిక్‌ది. మిగతా సినిమా అంతా చెవుల్లో గీరినట్టు వాయించి, చివరి మంటల దగ్గరికొచ్చేసరికి విజయోత్సవంలా ఎత్తుకుంటాడు. మీ రూమ్మేట్‌కి హ్యాపీ ఎండింగ్ అనిపించిందంటే కారణం సగం ఆ వాయిద్యాలే. శబ్దం ఆపేసి ఆ ఐదు నిమిషాలు చూడమనండి.

ఓ చిన్న ముక్క: కొండ మీంచి దూకే ఆ ముసలాయన బ్యోర్న్ ఆండ్రేసెన్. 1971లో ఇటలీ డైరెక్టర్ విస్కోంటి సినిమాలో నటించినప్పుడు ప్రపంచంలోకెల్లా అందమైన అబ్బాయి అని పిలిచారు ఆయన్ని. ఆ ముఖాన్నే సుత్తితో కొట్టిస్తాడు.

ఇంటర్వెల్_సమోసా | మధ్యాహ్నం 1:41

ఏం మనిషన్నా ఈ డైరెక్టర్.

గుంటూరు_గ్యాంగ్ | మధ్యాహ్నం 2:10

ఇదంతా పాత సరుకే కదా. 1973లో బ్రిటిష్ వాళ్ళు "ది వికర్ మ్యాన్" తీసేశారు. స్కాట్లాండ్ దీవిలో తప్పిపోయిన పిల్లని వెతకడానికి వచ్చిన పోలీసు, ఆఖరికి గడకర్రలతో అల్లిన పెద్ద మనిషి బొమ్మలో పెట్టి తగలబెడతారు. క్రిస్టఫర్ లీ ఆ ఊరి దొర, డబ్బు తీసుకోకుండా చేశాడు. మే నెల పండగ అని చూపించారు గానీ తీసింది అక్టోబరు, నవంబరు చలిలో. ఊపిరి ఆవిరి కనపడకుండా ఆర్టిస్టులు ఐసు ముక్కలు నోట్లో పెట్టుకున్నారు. అదీ కష్టం అంటే.

చాటింపు | మధ్యాహ్నం 2:45

గుంటూరు_గ్యాంగ్ గారూ, సరుకు ఒకటే గానీ లెక్క వేరు. ఆ పోలీసుకి దేవుడున్నాడు. చివరిదాకా కీర్తన పాడుతూనే చస్తాడు. ఆపిల్ పంట పోయిందని మీరు నన్ను కాలుస్తున్నారు, వచ్చే ఏడూ పండకపోతే మీ దొరనే కాలుస్తారు అని వాళ్ళ ముఖం మీదే చెప్తాడు. ఊరికి ఎదురు నిలబడే మాట ఒకటి ఆ సినిమాలో ఉంది. ఇందులో వచ్చినవాళ్ళకి ఏ నమ్మకమూ లేదు. క్రిస్టియన్, జాష్ ఇద్దరూ థీసిస్ కోసం కొట్టుకుంటుంటారు. కళ్ళ ముందు ఇద్దరు ముసలాళ్ళు చచ్చిపోతే క్రిస్టియన్‌కి వచ్చిన ఆలోచన, నేనూ ఈ ఊరి మీదే రీసెర్చ్ చేస్తా అని! వాళ్ళ సంస్కృతి, మనం తీర్పు చెప్పకూడదు అంటాడు. అంత తీరిగ్గా చూసేవాణ్ణి బలివ్వడం చాలా తేలిక.

మా వైపు జాతర గురించి ఒకటి చెప్తా. మాది చిత్తూరు వైపు. ఊరి అమ్మవారి జాతర ఆఖరి రాత్రి బలి కొట్టాక ఆ నెత్తురు కలిపిన అన్నం గంపకెత్తుకుని, పొలిమేర చుట్టూ "పొలి, పొలి" అని అరుస్తూ చల్లుకుంటూ తిరుగుతారు. ముందే దండోరా వేయిస్తారు. పొరుగూరి మనుషులు పొద్దుగూకే లోపల వెళ్ళిపోవాలి, ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటకూడదు. మా చిన్నప్పుడు ఆ రాత్రి మమ్మల్ని ఇంట్లో పెట్టి గడియ వేసేవాళ్ళు. గంప మోసేవాళ్ళ అడుగులు, ఆ అరుపు మా గోడ పక్క నుంచి వెళ్తుంటే మా నాయనమ్మ మా నోళ్ళు మూసేది. భయం ఉంది, కాదనను. కానీ బయటివాణ్ణి ముందే పంపించేసేవాళ్ళు. పండగ మనది, దాని బరువూ మనదే అన్నట్టు. హోర్గాలో అందుకు పూర్తిగా ఎదురు. నిండుగా నవ్వి, భోజనం పెట్టి పిలుస్తారు. పెల్లె డానీని ఒంటరిగా దొరకబుచ్చుకుని, నాకూ అమ్మానాన్న లేరు, నిప్పుల్లో పోయారు, కానీ ఈ ఊరే నాకు కుటుంబమైంది, నీ క్రిస్టియన్ దగ్గర నీకు ఇల్లులా అనిపిస్తుందా అని అడుగుతాడు చూడండి. సినిమా మొత్తంలో అంత భయంకరమైన డైలాగ్ ఇంకోటి లేదు. ఎందుకంటే ప్రశ్న న్యాయమైనదే.

భక్త_రామదాసు_ఫ్యాన్ | మధ్యాహ్నం 3:05

మన జాతరల్ని ఈ నరబలి సినిమాలతో పోల్చడం అవసరమా? ఇలాగే మన సంప్రదాయాల్ని బద్నాం చేస్తారు.

చాటింపు | మధ్యాహ్నం 3:12

పోల్చలేదండీ, తేడా చెప్పాను. ఇంకోసారి చదవండి.

మోడరేటర్ | మధ్యాహ్నం 3:30

టాపిక్ సినిమా. జాతరల మీద గొడవ పడాలనుకుంటే వేరే థ్రెడ్ పెట్టుకోండి. మర్యాదగా మాట్లాడుకుందాం.

ఏజెన్సీ_ఏరియా | సాయంత్రం 6:20

మోడరేటర్ గారూ, ఇది సినిమా గురించే, కాస్త ఓపిక పట్టండి.

మాది పార్వతీపురం వైపు. ఈ తరహా సినిమాలన్నిటికీ మూలం వెతుక్కుంటూ పోతే మా కొండల దగ్గర తేలుతుంది. ఆ పోలీసు సినిమా తీసినవాళ్ళు ముందేసుకున్న పుస్తకం జేమ్స్ ఫ్రేజర్ రాసిన "ది గోల్డెన్ బౌ", మొదటి కూర్పు 1890లో వచ్చింది. పంట కోసం మనిషిని బలివ్వడం గురించి అందులో ఫ్రేజర్ పేజీలకు పేజీలు రాసిన ఉదాహరణల్లో ఒకటి కోందులనే కొండజాతివాళ్ళ మెరియా, అంటే నరబలి (బలయ్యే మనిషినీ మెరియా అనే అంటారు). అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం, విశాఖ ఏజెన్సీ కొండలు. భూదేవత కోసం, ముఖ్యంగా పసుపు పంట కోసం. నెత్తురు పడకపోతే పసుపుకి రంగు రాదని నమ్మకం అని రాశాడు.

ఇప్పుడు హోర్గాతో పక్కపక్కన పెట్టి చదవండి. మెరియాని బయటినుంచి కొనుక్కొచ్చేవారు. ఏళ్ళ తరబడి ఊళ్ళోనే పెంచేవారు. ఎవరింటికెళ్ళినా ఆదరణ, తిండి. పెళ్ళి చేసి పొలం కూడా ఇచ్చేవారు. రోజు వచ్చినప్పుడు పూలు, నూనె, పసుపు పూసి ఊరేగించి, ఆటపాటలు. బలి ఇచ్చేటప్పుడు పెనుగులాడకూడదు కాబట్టి నల్లమందు పట్టేవారు లేదా కాళ్ళూ చేతులూ విరిచేవారు. క్రిస్టియన్‌కి ఊదిన పొడి, డానీకి తాగించిన టీ గుర్తొచ్చాయా? 

అయితే ఇందులో రెండో సగం ఉంది, అది ఎవరూ సినిమా తీయరు. ఇదంతా రాసింది ఎవరు? 1830ల్లో ఆ కొండల్ని లొంగదీసుకోవడానికి వెళ్ళిన కంపెనీ సైనిక అధికారులు, క్యాంప్‌బెల్, మాక్‌ఫెర్సన్ లాంటివాళ్ళు. బలి ఆపుతున్నామని చెప్పి ఊళ్ళు తగలబెట్టారు, ఎదురు తిరిగినవాళ్ళని ఉరితీశారు. ఫెలిక్స్ పాడెల్ అనే పరిశోధకుడు దీని మీదే ఓ పుస్తకం రాశాడు, బలి ఆపే పేరుతో సర్కారు చేసింది కూడా ఒక బలే అని. మెరియా జరగలేదని నేను అనను. తర్వాత మనిషి స్థానంలో దున్నపోతు వచ్చింది. కానీ బయటివాడు కొండ ఊరి పండగని చూసి వణికిపోయిన కథ వెనక, ఆ ఊరు బయటివాణ్ణి చూసి వణికిపోయిన కథ ఒకటి ఉంటుంది. స్వీడన్ తెల్లవాళ్ళ మీద ఇలాంటి సినిమా తీస్తే అందరికీ ఆటగా ఉంటుంది. అదే ఓ కోందు ఊరి మీద తీస్తే ఆ ఊరికి రేపు ఏమవుతుంది?

ఉప్సలా_ఉప్మా | సాయంత్రం 6:48

ఇది చదివాక ఉప్మా చల్లారిపోయింది. ఇక్కడి నా స్వీడిష్ కొలీగ్స్ ఈ సినిమా చూసి పడీపడీ నవ్వారు. ఇప్పుడు అర్థమైంది, వాళ్ళకి నవ్వే వెసులుబాటు ఉంది. వాళ్ళ ఊరికి ఎవరూ సైన్యంతో రారు.

గుంటూరు_గ్యాంగ్ | సాయంత్రం 7:02

ముసలాళ్ళని చంపడం స్వీడన్ కట్టుకథేనేమో గానీ, తమిళనాడు దక్షిణాన విరుదునగర్ వైపు తలైకూత్తల్ అని నిజంగానే ఉండేది, పేపర్లలో వచ్చింది. మంచం పట్టిన పెద్దవాళ్ళకి తలంటి నూనె స్నానం చేయించి, లేత కొబ్బరి నీళ్ళు పట్టిస్తారు. జ్వరం వచ్చి ఒకట్రెండు రోజుల్లో పోతారు. కొండా లేదు, సుత్తీ లేదు. అదే ప్రేమగా, సొంత పిల్లలే. హోర్గాలో మాత్రం పద్ధెనిమిదేళ్ళకో ఋతువు, డెబ్భై రెండుకి చలికాలం అయిపోయింది, దూకెయ్ అంటారు. లెక్క అందంగా ఉండేసరికి మనమూ ఓ క్షణం తలూపేస్తాం.

నైట్‌డ్యూటీ | రాత్రి 9:15

నిద్ర లేచి అన్నీ చదివాను. చాటింపు గారు చెప్పిన ఉల్ఫ్ కేక నాకు గట్టిగానే తగిలింది. మందు అబద్ధం అన్నది ఒప్పుకుంటున్నా.

అయినా ఆ నవ్వు మీద నా మాట వెనక్కి తీసుకోను. ఊరు అబద్ధమైతే డానీకి కలిగిన ఓదార్పు కూడా అబద్ధమవుతుందా? వార్డులో చూస్తుంటాను. చుట్టాల్లో ఎవరో ఆస్తి కోసమే వచ్చారని అందరికీ తెలుసు, పేషెంట్‌కీ తెలుసు. అయినా వాళ్ళు చెయ్యి పట్టుకుంటే బీపీ తగ్గుతుంది. మిషన్‌లో కనిపిస్తుంది. పట్టుకున్న చెయ్యి ఎవరిదో శరీరానికి అక్కర్లేదు. డాన్స్ పోటీలో డానీకి స్వీడిష్ రాకపోయినా పక్కమ్మాయితో మాట్లాడేస్తుంటుంది, ఇద్దరికీ అర్థమైపోతుంటుంది. అక్కడ ఆమె ముఖం చూడండి, సినిమాలో మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వుతుంది. ఆ నిమిషం నిజం కాదని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఆరి ఆస్టర్ ఇది బ్రేకప్ సినిమా అని ఇంటర్వ్యూల్లో చెప్పాడు, సొంత బ్రేకప్ టైమ్‌లో రాశాడట. ఆ లెక్కన క్రిస్టియన్ తగలబడటం ఎవరి కోరికో వేరే చెప్పాలా.

రీల్_రిపేర్ | రాత్రి 9:40

స్క్రిప్ట్‌లో ఆ నవ్వు దగ్గర రాసింది మీ ఇద్దరికీ పనికొస్తుంది. పిచ్చివాళ్ళకి మాత్రమే తెలిసే ఆనందానికి లొంగిపోయింది, తనను తాను పూర్తిగా పోగొట్టుకుని చివరికి స్వేచ్ఛ పొందింది అన్న అర్థంలో ఉంటుంది. ఒక్క వాక్యంలోనే ఇద్దరికీ చెరి సగం ఇచ్చేశాడు దుర్మార్గుడు.

సెకండ్‌షో | రాత్రి 9:55

సరే, ఇంకో సందేహం. డైరెక్టర్స్ కట్ చూడాలా? థియేటర్‌లో వచ్చింది 147 నిమిషాలు, అది 171 అంటున్నారు.

రీల్_రిపేర్ | రాత్రి 10:10

చూడండి. చెరువు దగ్గర రాత్రి జరిగే తంతు ఒకటి అందులోనే ఉంది. ఓ చిన్న పిల్లాడు తనంతట తానే నీళ్ళలో బలికి ముందుకొస్తాడు, ఆఖరి క్షణంలో ఆపేస్తారు. పిల్లాడి ధైర్యం చూశాం, చాలు అన్నట్టు. దాని తర్వాత డానీ, క్రిస్టియన్ పెద్ద గొడవ పడతారు. ఆ గొడవ చూశాక క్రిస్టియన్ మీద మిగిలిన కాస్త జాలి కూడా పోతుంది. నాకైతే థియేటర్ వెర్షనే బిగువుగా అనిపించింది, వాడి మీద కొంచెం జాలి ఉంటేనే ఆ ఎలుగుబంటి తోలు మనకి బరువుగా ఉంటుంది.

చాటింపు | రాత్రి 10:32

నైట్‌డ్యూటీ అక్కా, మీకో ప్రశ్న వదిలేసి పడుకుంటా. పెద్ద పండగ తొంభై ఏళ్ళకోసారి, కానీ పూలరాణి మాత్రం ఏటా. ఆ ఇంట్లో గోడ మీద పాత రాణుల ఫోటోలు వరసగా ఉంటాయి. డానీ ముందు ఏళ్ళలో గెలిచినవాళ్ళు అంతమంది ఉన్నారు కదా, వాళ్ళలో ఒక్కరినైనా "ఈమె పోయినేడు రాణి" అని పరిచయం చెయ్యగా మీకెవరికైనా కనపడిందా? నాకు ఎక్కడా దొరకలేదు.

నైట్‌డ్యూటీ | రాత్రి 10:50

అమ్మా తల్లీ, ఇప్పుడు నేను డ్యూటీకెళ్ళాలి, ఈ టైమ్‌లోనా అడిగేది! ఏదో పెళ్ళి చేసుకుని పక్కూరెళ్ళి ఉంటారు అనుకుంటా.

ఇంటర్వెల్_సమోసా | రాత్రి 10:51

పక్కూరు యాడుందక్కా ఆ సినిమాల?